కనిపించే మౌనం

చెప్పకుండా ఉండటం అబద్ధమాడటంతో సమానమా? భారతం ఈ ప్రశ్నను రెండు వైపుల నుంచీ పట్టుకుంది. కర్ణపర్వంలో కౌశికుడనే తపస్వి కథ వస్తుంది. ఏమైనా సరే సత్యమే పలుకుతానని వ్రతం పట్టినవాడు. దొంగలు తరుముకొస్తుంటే కొందరు అతనుండే చోటికి దగ్గర్లో అడవిలోకి దూరి దాక్కున్నారు. వెనకాలే వచ్చిన దొంగలు అడిగితే కౌశికుడు ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. దాక్కున్నవాళ్లు చచ్చారు, కౌశికుడు నరకానికి పోయాడు. ద్రోణపర్వంలో ధర్మరాజు అశ్వత్థామ చచ్చాడన్న మాట గట్టిగా పలికి, ఏనుగన్న మాట ఎవరికీ వినపడకుండా గొణిగాడు. అంతవరకూ నేలకు బెత్తెడు పైన నడిచిన అతని రథం ఆ క్షణంలో నేలకు దిగింది. పూర్తి నిజం చెప్పి ఒకడు, సగం నిజం చెప్పి ఒకడు, ఇద్దరూ దోషులయ్యారు. కౌశికుడి కథ చెబుతూ కృష్ణుడు అర్జునుడికి ఇంకో దారి కూడా చూపిస్తాడు. నోరు మెదపకుండా తప్పించుకోగలిగితే మెదపవద్దంటాడు. దారిన పోయే మనిషికి ఆ సలహా చాలు. చెప్పడమే వృత్తిగా పెట్టుకున్న చరిత్రకారుడికి చాలుతుందా? అతను నోరు మూసుకుంటే ఒక తరానికి తరమే తన గతం తెలియకుండా పెరుగుతుంది. స్వేచ్ఛ లేని రాజ్యంలో బతికిన చరిత్రకారుల జీవితాలు చూస్తే ఈ ప్రశ్నకు ఒక జవాబు దొరుకుతుందని నా నమ్మకం. మౌనాలన్నీ ఒకటి కావు. ఇక్కడ ఒక మాట చెప్పకుండా వదిలానని చదివేవాడికి తెలిసేలా పాటించే మౌనం సత్యంలో భాగమే. ఏమీ వదలనట్టు, అసలు అక్కడ చెప్పడానికేమీ లేనట్టు పాటించే మౌనం అబద్ధం.

ఈ తేడా ఎంత నిక్కచ్చిగా పనిచేస్తుందో కమ్యూనిస్టు పాలనలోని పోలండ్ చూపిస్తుంది. 1940 వసంతంలో సోవియట్ రహస్య పోలీసులు తమ చేతికి చిక్కిన పోలిష్ సైనికాధికారులను, పోలీసులను, చదువుకున్నవాళ్లను సుమారు 22 వేల మందిని కాల్చి చంపారు. ఆ హత్యలన్నిటికీ కాటిన్ అడవి పేరు స్థిరపడింది. నేరం జర్మన్లదని మాస్కో ప్రకటించింది. 1990 ఏప్రిల్ దాకా ఆ మాట మీదే నిలబడింది. వార్సా ప్రభుత్వమూ అదే పాట పాడింది. 1977లో క్రాకవ్ నగరపు సెన్సార్ ఉద్యోగి తోమాష్ స్త్షిజెఫ్‌స్కి ఆ కార్యాలయపు రహస్య ఆదేశాలను దాచిపెట్టుకుని స్వీడన్‌కు వెళ్లిపోయాడు. అవి లండన్‌లో అచ్చయ్యాయి. వాటిలో కాటిన్ గురించిన ఆదేశం ఒకటుంది. ఎవరైనా తమవాడి గురించి రాసుకుంటూ కాటిన్‌లో మరణించాడని వేస్తే వేయనివ్వవచ్చు. మరణించిన తేదీ మాత్రం 1941 జూలైకి ముందుది కాకూడదు. ఎందుకంటే ఆ ప్రాంతం జర్మన్ల చేతికి వచ్చింది ఆ వేసవిలోనే. 1940 అన్న నాలుగంకెలు అచ్చయితే హంతకుడెవరో ఎవరూ వేలు పెట్టి చూపించనక్కర్లేదు. ఒక భార్య తన భర్త పోయిన సంవత్సరాన్ని సరిగ్గా వేసుకోవడం రాజ్యానికి భరించరాని సంగతయింది. ఆ తేదీని అసలు వేయకుండా వదిలేసిన కుటుంబం మౌనం పాటించింది, చదివినవాళ్లకు ఆ ఖాళీ అర్థమైంది. 1941 అని వేసిన పుస్తకం అబద్ధమాడింది. రెండింటి మధ్య గీత అంత సన్నం, అంత స్పష్టం.

ఆ గీతకు ఇవతల నిలబడ్డ చరిత్రకారుల్లో పావెల్ యాషెనిత్సా ఒకడు. అసలు పేరు లెయోన్ లెఖ్ బెయ్నార్, పుట్టింది 1909లో. విల్నోలో చరిత్ర చదివాడు, యుద్ధకాలంలో రహస్య సైన్యంలో చేరి పోరాడాడు. 1945లో గాయపడి తలదాచుకున్న పల్లె పేరునే కలం పేరుగా చేసుకున్నాడు. 1948లో అరెస్టు చేసి వదిలేశారు. ఆ తర్వాత ఆయన పోలండ్ పాత రాజవంశాల మీద మామూలు జనం చదివే భాషలో వరసగా పుస్తకాలు రాశాడు. 1960లో పియాస్త్ రాజుల కాలం మీద, 1963లో యగెలోన్ల మీద వచ్చిన రెండూ ఇంటింటా చదివారు. అవి సెన్సార్ చేతుల మీదుగా వచ్చినవే. తన కాలం గురించి ఆయన అచ్చులో చెప్పలేనివి చాలా ఉన్నాయి. కానీ చెప్పలేకపోతున్నానన్న సంగతిని ఆయన దాచలేదు. 1964లో 34 మంది రచయితలు, పండితులు ప్రధానమంత్రికి రెండే వాక్యాల ఉత్తరం రాసి కాగితం కోతనూ సెన్సార్ బిగింపునూ ఖండిస్తే, ఆ సంతకాల్లో ఆయనదీ ఉంది. 1968లో ఒక మహాకవి నాటకాన్ని ప్రభుత్వం ఆపించినప్పుడు రచయితల సంఘం సభలో లేచి మాట్లాడాడు. మూడు వారాలు తిరక్కుండా పార్టీ అధినేత గోముల్కా బహిరంగ సభలో ఆయన పేరెత్తి, 1948లో ఈయన్ని వదిలేయడానికి కారణం ఈయనకే తెలుసన్నట్టు మాట విసిరాడు. అంటే పోలీసులకు లొంగిపోయాడని జనం అనుకోవాలి. విడుదల నిజం, సూచన అబద్ధం. ధర్మరాజు గొణుగుడు ఇక్కడ ప్రభుత్వ లౌడ్‌స్పీకర్‌లోంచి వచ్చింది. జవాబివ్వడానికి ఆయనకు పత్రిక లేదు, పుస్తకాలు నిషేధించారు. 1970 ఆగస్టులో చనిపోయాడు. కమ్యూనిస్టు పాలన పోయిన చాలా ఏళ్లకు పాత ఫైళ్లు తెరిస్తే ఇంకో సంగతి బయటపడింది. చివరి సంవత్సరాల్లో ఆయన పక్కనే ఉండి, ఆయనను పెళ్లాడిన మనిషే పోలీసులకు వార్తలు మోసింది. అలాంటి ఇంట్లో, అలాంటి దేశంలో ఆ మనిషి అబద్ధం ఒక్కటి రాయకుండా బతికాడంటే దాన్ని నేను చిన్న సాధనగా చూడలేను.

మన దగ్గర దీనికి సాటి వచ్చే జీవితం సురవరం ప్రతాపరెడ్డిది. 1896లో పుట్టి, మద్రాసులో చదువుకుని హైదరాబాదు చేరాడు. 1926 మే నెలలో గోలకొండ పత్రిక మొదలైంది, వారానికి రెండుసార్లు వచ్చేది. నిజాం రాజ్యంలో మిగతా భాషలకంటే ఎక్కువమంది మాట్లాడేది తెలుగు, రాజభాష, చదువుల భాష మాత్రం ఉర్దూ. సభ పెట్టుకోవాలంటే ముందుగా అనుమతి తెచ్చుకోవాలని గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు ఉండేది. ఆ రోజుల్లో, 1930లో, జోగిపేటలో జరిగిన మొదటి ఆంధ్ర మహాసభకు సురవరమే అధ్యక్షుడు. పత్రిక మీద ప్రభుత్వం కన్ను పడింది. సంపాదకీయాలు ముందుగా చూపించి అనుమతి పొందాకే వేయాలని ఆంక్ష పెట్టింది. ఆయన చేసిన పని తెలుగు పత్రికల చరిత్రలో తరచుగా చెప్పుకుంటారు గానీ, దాని లోతు తగినంతగా గమనించలేదేమో అనిపిస్తుంది. సంపాదకీయం వేసే చోట ప్రపంచంలోని మేధావుల సూక్తులు ఏరి వేయడం మొదలుపెట్టాడు. సర్కారుకు నచ్చే సంపాదకీయం రాసి పత్రికను హాయిగా నడుపుకోవచ్చు. ఆ చోటును వార్తలతో నింపేసి, సంపాదకీయమన్నదే లేనట్టు సర్దేయవచ్చు. ఆ రెండూ ఆయన చేయలేదు. ఆ స్థానంలో సంపాదకుడి మాట ఉండాలని, ఇప్పుడు లేదని, ఎందుకు లేదో ఊహించుకోవచ్చని చదివేవాడికి తెలిసేలా ఆ చోటును అట్టే పెట్టాడు. పోలండ్‌లో అలాంటి వెసులుబాటు 1981 జూలైలో గాని చట్టంలోకి రాలేదు. ఆ చట్టం వల్ల సెన్సార్ కోసిన చోట గీతలు పెట్టి, ఫలానా సెక్షన్ కింద కోశారని పత్రిక అచ్చు వేసుకునే వీలు కలిగింది. క్రాకవ్ క్యాథలిక్ వారపత్రిక ఆ గీతల్ని పేజీల నిండా వేసింది. చట్టమేదీ తోడు లేకుండా, దశాబ్దాల ముందే, ఒక తెలుగు సంపాదకుడు ఆ పని చేసి చూపించాడు.

దాచిపెట్టిన మౌనం అబద్ధమెలా అవుతుందో కూడా సురవరం జీవితంలోనే కనిపిస్తుంది. తెలంగాణలో తెలుగు కవులే లేరని ఆ రోజుల్లో అచ్చులో ఒక మాట వచ్చింది. ఆ మాటన్నవారిని ఒక్కరినే తప్పుపట్టి లాభం లేదు. అప్పటిదాకా వచ్చిన కవుల చరిత్రలు ఆ ప్రాంతాన్ని పెద్దగా తడమలేదు. తడమలేదని వాటిలో ఎక్కడా రాసుకోలేదు. చదివేవాడు, పుస్తకంలో లేకపోతే లోకంలోనే లేదనుకున్నాడు. సురవరం వాదనకు దిగకుండా ఊరూరికీ కబురు పెట్టి, 1934లో గోలకొండ కవుల సంచిక తెచ్చాడు. 354 మంది కవులు అందులో ఉన్నారు. ఒక్కొక్క పేరూ ఆ పాత మౌనానికి జవాబే. ఎవరూ అబద్ధం రాయకుండానే ఒక పెద్ద అబద్ధం లోకంలో నిలబడగలదని ఆ సంచిక రుజువు చేసింది. ఇక 1949లో వచ్చిన ఆంధ్రుల సాంఘిక చరిత్ర. తూర్పు చాళుక్యుల కాలంతో మొదలై 1907 దాకా నడుస్తుంది. రాజుల యుద్ధాలు పక్కన పెట్టి, జనం ఏం తిన్నారు, ఏం కట్టారు, ఏ ఆటలాడారు, ఏ దేవరకు మొక్కారు, ఏ పన్నుకు ఏడ్చారు అని వెతికాడు. పాల్కురికి సోమనాథుడి బసవపురాణం, క్రీడాభిరామం, ఆముక్తమాల్యద, శుకసప్తతి, హంసవింశతి వంటి కావ్యాల్లోంచి ఆ సంగతులు ఏరాడు. 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ తెలుగుకిచ్చిన తొలి బహుమతి దీనికే దక్కింది. అప్పటికి ఆయన పోయి రెండేళ్లయింది.

ఇక్కడ ఒక ఆక్షేపణ ఎదురవుతుంది. ఏడో నిజాం గద్దెకెక్కింది 1911లో. పుస్తకం నాలుగేళ్ల ముందే ఆగిపోయింది. తాను కళ్లారా చూసిన పాలన గురించి చరిత్ర పుస్తకంలో ఒక్క అధ్యాయం లేకపోవడం తప్పించుకోవడం కాదా? భయమే కారణమైతే ఈ ప్రశ్నకు బలముండేది. పుస్తకం వచ్చేనాటికి, 1948 సెప్టెంబరులోనే, హైదరాబాదు ఇండియన్ యూనియన్‌లో కలిసింది. నిజాంను తిట్టినవాడికి అప్పుడు చప్పట్లే గాని శిక్ష లేదు. భయం పోయాక కూడా ఆయన అక్కడే ఆగాడంటే, అది హద్దు గీసుకోవడం. ఏ ఏడు నుంచి ఏ ఏడు దాకా రాస్తున్నాడో అధ్యాయాల పేర్లలోనే పెట్టాడు. హద్దు బయటికి చెప్పిన రచయిత దేన్నీ దాచలేదు.

అంతకంటే గట్టి ఆక్షేపణ కౌశికుడి కథలోనే ఉంది. నోరు మెదపక తప్పనప్పుడు, ఎదుటివాడి ప్రాణం నిలబడేట్టయితే అబద్ధమే మేలని కృష్ణుడన్నాడు కదా. మరి చరిత్రకారుడు తన ఉద్యోగం కోసం, పిల్లల చదువు కోసం, తన విభాగం మూతపడకుండా ఉండటం కోసం రెండు అబద్ధాలు రాస్తే తప్పేమిటి? ఈ వాదన పోలండ్‌లో ఎంతోమంది పండితులు తమకు తాము చెప్పుకున్నదే, అందులో బాధ ఉంది, తేలిగ్గా తీసేయరాదు. కానీ కథను మళ్లీ చూడండి. అక్కడ అబద్ధానికి అనుమతి దొరికింది దాక్కున్నవాళ్ల కోసం. రాజ్యం అడిగి రాయించుకునే అబద్ధం ఎవరిని కాపాడుతుంది? కాటిన్ తేదీ మారిస్తే కాపాడబడింది హంతకులు. చంపినవాడి పక్షాన ఆడే అబద్ధానికి కౌశికుడి కథను సాక్ష్యంగా తెచ్చుకోవడం ఆ కథకే అపచారం. తన ప్రాణం కోసం మౌనం వహించే హక్కు చరిత్రకారుడికి ఉంది. చచ్చినవాళ్ల మరణాన్ని మార్చి రాసే హక్కు మాత్రం అతనికి ఎవరూ ఇవ్వలేదు.

ఇది పిరికివాడి ధర్మమని ఇంకొకరు అనవచ్చు. 1948 ఆగస్టులో ఇమ్రోజ్ పత్రిక సంపాదకుడు షోయబుల్లాఖాన్ హైదరాబాదు నడివీధిలో హత్యకు గురయ్యాడు. రజాకార్ల మీద, ఇండియాలో విలీనం మీద ఆయన ఏ ముసుగూ లేకుండా రాశాడు. చంపినవాళ్లు ఆయన చేయి కూడా నరికారు. 1908లో గాడిచర్ల హరిసర్వోత్తమరావు బెజవాడ స్వరాజ్య పత్రికలో రాసిన సంపాదకీయానికి మూడేళ్ల జైలు అనుభవించాడు. వీళ్ల ముందు సూక్తులు వేసుకున్న సంపాదకుడు ఎంత? నేను వీళ్లకు తూకం వేయను. బలిదానాన్ని ఎవరూ ఇంకొకరి దగ్గర బాకీ వసూలు చేసినట్టు అడగకూడదు. అది ఇచ్చేవాడు ఇష్టపడి ఇచ్చేదే. ధర్మం అందరి దగ్గరా అడగగలిగేది ఇంకా తక్కువది, కానీ తప్పించుకోలేనిది. ప్రాణమివ్వకపోయినా ఫరవాలేదు, అబద్ధంలో నీ చేయి ఉండకూడదు, నువ్వు వదిలిన చోటు జనానికి కనిపించాలి. ఆ కనీసాన్ని నిలబెట్టినవాళ్లే లేకపోతే, షోయబుల్లాఖాన్ ఎందుకు చచ్చిపోయాడో రాసేవాళ్లు కూడా మిగలరు.

నిజాంనూ పోలిష్ కమ్యూనిస్టులనూ ఒక గాటన కట్టడం కొందరికి నచ్చదు. తెలంగాణలో నిజాంకు ఎదురు తిరిగి ప్రాణాలిచ్చినవాళ్లలో కమ్యూనిస్టులే ఎక్కువమంది, ఆ త్యాగాన్ని ఎవరూ తక్కువ చేయలేరు. నిజాం ప్రభుత్వమూ చరిత్రకు శత్రువేమీ కాదు. 1914లో పురావస్తు శాఖ పెట్టి, గులాం యజ్దానీ చేతికిచ్చి అజంతా చిత్రాలను కాపాడింది. పోలండ్ కమ్యూనిస్టు ప్రభుత్వమూ నేలమట్టమైన వార్సా పాతనగరాన్ని రాయి రాయీ పేర్చి మళ్లీ కట్టింది, చరిత్రకారులకు పరిశోధనా సంస్థ పెట్టింది. జీతాలిచ్చింది, పుస్తకాలు వేసింది. సరిగ్గా అందుకే ఈ పోలిక అవసరం. చరిత్రను పోషించే చేయే చరిత్రలోంచి ఒక పేజీ చించగలదు. చించిన చేతి రంగు ఎరుపా, పసుపా, ఇంకేదైనానా అన్నది ఆ పేజీకి అనవసరం.

అసలు ఏ చరిత్రలో మౌనం లేదు, సురవరం పుస్తకంలోనూ లేదా అన్న ప్రశ్న నాకు వీటన్నిటికంటే ముఖ్యమనిపిస్తుంది. ఉంది. కావ్యాల్లోంచి జనజీవితం ఏరాడు కాబట్టి, కావ్యాల గడపలోకి ఎవరిని రానిచ్చారో వాళ్లే ఆ పుస్తకంలోకీ ఎక్కువగా వచ్చారు. వాడల్లోని మాలమాదిగల బతుకు వాళ్ల నోటి నుంచి అందులో వినిపించదు. కానీ ప్రతి సంగతికీ అది ఏ కవి ఏ కావ్యంలోదో ఆయన చెప్పాడు. ఆధారాలు కళ్లముందు పెట్టినందువల్లే, అక్కడ ఎవరు లేరో ఈ రోజు మనం పట్టుకోగలుగుతున్నాం. ఆ తర్వాత వచ్చినవాళ్లు అక్కడినుంచి పని అందుకోవచ్చు. అదే ఆధారం చెప్పకుండా, ఆంధ్రులందరూ ఇలా బతికారని తీర్మానంగా రాసి ఉంటే ఆ ఖాళీ ఎప్పటికీ పూడేది కాదు, ఉందనే తెలిసేది కాదు.

మన ప్రాంతంలో, మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు, చరిత్రలో నిజం దాచకూడదన్న మాట ఎత్తితే వెంటనే ఎదురయ్యేది భక్తి. దేవుడి గురించి, ఊరి పెద్దల గురించి, మహనీయుల గురించి అప్రియమైన నిజం పలకరాదని ధర్మశాస్త్రమే చెప్పింది కదా అంటారు. వాయల్పాడును ఇవాళ వాల్మీకిపురమని పిలుస్తున్నాం. అక్కడ పట్టాభిరాముడి గుడి ఉంది, ఊరి స్థలపురాణం వాల్మీకితో ముడిపడి ఉంది. ఆ మహర్షి చేసింది చూస్తే ఆ వాదన నిలవదు. రాముణ్ని అంత ప్రేమించిన కవి, చెట్టు చాటు నుంచి బాణం తగిలి పడిపోయిన వాలి రాముణ్ని నిలదీసిన మాటల్ని తీసేయలేదు. రాముడి జవాబు పక్కన వాటినీ పూర్తిగా ఉంచాడు. ఉత్తరకాండలో, సీతను అడవికి పంపిన రాజు సొంత యాగశాలలో, ఆ రాజు కొడుకుల చేతే ఆ కథ పాడించాడు. ఉత్తరకాండ తర్వాత చేరిందని పండితులంటారు. అదే నిజమైతే, వాల్మీకి పేరు మీద కథ రాయాలంటే రాజు ఎదుట నిజం పాడించాలని తర్వాతివాళ్లకూ తోచిందన్నమాట. దానివల్ల రాముడి మీద భక్తి తగ్గిందా? వేల ఏళ్లుగా ఆ కథ వింటున్నవాళ్లే దానికి సాక్ష్యం.

వదిలినట్టు చెప్పని మౌనానికి మన దగ్గరే ఒక ఉదాహరణ ఉంది. మదనపల్లె కాలేజీ గురించి చెప్పేవాళ్లందరూ 1919 ఫిబ్రవరిలో ఠాగూరు అక్కడికొచ్చి జనగణమన పాడటం, దాన్ని ఇంగ్లీషు చేయడం, మార్గరెట్ కజిన్స్ స్వరం కట్టి రాసిపెట్టడం చెబుతారు. చెప్పవలసిందే. కానీ ఆమె భర్త జేమ్స్ కజిన్స్ ఆ కాలేజీకి ఎలా వచ్చాడో ఆ కథలో తరచుగా జారిపోతుంది. 1916లో డబ్లిన్ తిరుగుబాటును మెచ్చుకుంటూ రాసిన వ్యాసం వల్ల న్యూ ఇండియా పత్రికలో ఆయన ఉద్యోగం పోయింది. ఆ తర్వాతే మదనపల్లెలో పాఠాలు చెప్పడానికి వచ్చాడు. ఒక దేశపు స్వేచ్ఛ గురించి రాసి కొలువు పోగొట్టుకున్నవాడి ఇంట్లో ఇంకో దేశపు గీతానికి స్వరం దొరికింది. మొదటి సగం వదిలేసి రెండో సగమే చెబుతున్నప్పుడు, వదిలామని కూడా చెప్పకపోతే, ఆ సంబరంలో ఒక మెలిక పడిపోతుంది.

ఇప్పుడు మన ప్రాంతంలో ఊరి చరిత్రలు, గుడి చరిత్రలు, బడి వందేళ్ల సంచికలు, ఇంటి పేర్ల వంశచరిత్రలు చాలానే వస్తున్నాయి. కుప్పంలో 1997 నుంచి ద్రావిడ విశ్వవిద్యాలయం ఉంది, పరిశోధనకు కుర్రవాళ్లు వస్తున్నారు. వాళ్లందరికీ నాదొక విన్నపం. పాలెగాళ్ల కాలపు కక్షలు, కులాల తగాదాలు, మాన్యాల గొడవలు, దేవుడి భూములు ఎవరి చేతికి ఎలా పోయాయన్నది, ఇవి రాస్తే ఊళ్లో బతకలేమని మీకనిపించవచ్చు. అలాంటప్పుడు రాయకండి, మిమ్మల్ని ఎవరూ తప్పుపట్టరు. కానీ ఆ చోటును పొగడ్తలతో నింపకండి. ఫలానా సంవత్సరం నుంచి ఫలానా సంవత్సరం వరకు ఇక్కడ కొన్ని సంగతులు వదిలేశామని ఒక్క వాక్యం అచ్చు వేయండి. మీకు దొరికిన కాగితాలు, తామ్రశాసనపు నకళ్లు, ముసలివాళ్లు చెప్పిన మాటలు తేదీతో సహా రాసి దాచి, ఏ గ్రంథాలయానికో అప్పగించండి. తర్వాత వచ్చేవాళ్లు ఆ ఒక్క వాక్యం పట్టుకుని వెతుక్కుంటారు.